గింజ చేతికి రాకుండా వంగడం విడుదలైందంటే ఎలా?

విత్తన చట్టాలు రాసే అధికారులకు, వంగడాలు తయారుచేసే పరిశోధనా సంస్థల పెద్దలకు, ఆ పనులకు డబ్బు సమకూర్చే దాతలకు,

నమస్కారం.

మీలో చాలామంది మంచి పని చేస్తున్నారు. బెట్టను తట్టుకునే మొక్కజొన్న, ముంపును తట్టుకునే వరి మీ శ్రమ వల్లే వచ్చాయి, అందుకు కృతజ్ఞతలు. పొగడ్త ఇక్కడితో ఆపేస్తాను, ఎందుకంటే ఈ లేఖ రాయాల్సి వచ్చిందే మా మాట ఎవరూ వినకపోవడం వల్ల.

మేం కొందరు చిన్న రైతులం కలిసి ఈ విషయం మీదే ఒక కార్యాలయానికి మూడుసార్లు విన్నపం పంపుకున్నాం. మొదటిసారి "సంబంధిత విభాగానికి పంపించాం" అని ఒక ముక్క వచ్చింది, ఏ విభాగమో మాత్రం రాయలేదు. రెండోసారి ఒక ఫారం పంపారు. ఏ కంపెనీ విత్తనం వేస్తారో టిక్ పెట్టమన్నారు. "ఇంట్లో దాచుకున్న గింజ" అనే గడే అందులో లేదు, "పక్క రైతు ఇచ్చింది" అనేదీ లేదు. చివర "ఇతరములు" అని ఉంటే అందరం అందులోనే రాసి పంపాం. మూడోసారి అసలు జవాబే లేదు. ఆ ఫారంలో లేని గడి గురించే ఈ లేఖంతా అనుకోండి.

ముందు పోయిన పంటకాలం జరిగింది చెబుతాను, లేకపోతే మిగతాది గాల్లో మాటల్లా ఉంటుంది.

బెట్టను తట్టుకునే కొత్త రకం ఒకటి విడుదలైందని విన్నాను. దాని కోసం నాలుగుసార్లు తిరిగితే, ఐదోసారి ఒక సంచీ దొరికింది, అదీ విత్తే అదను దాటిపోతున్నప్పుడు. సంచీ మీద బొమ్మ బాగుంది, ట్యాగ్ ఉంది, మొలక శాతం ఇంత అని అంకె కూడా ఉంది. పక్క చేను పెద్దాయన చూసి "వేసే ముందు గుడ్డలో కట్టి చూడు బాబూ, ఏం పోయింది" అన్నాడు. సరే అని వంద గింజలు లెక్కపెట్టి, తడి గుడ్డ మీద పదేసి చొప్పున పది వరసలు పేర్చి, చాపలా చుట్టి నీడలో పెట్టాను. రోజూ రెండు పూటలా నీళ్లు చిలకరించాను. ఆరో రోజు విప్పితే 58 గింజలు సరిగ్గా మొలిచాయి. ఓ పదకొండింటికి వేరు వచ్చింది గానీ మొలక మెలి తిరిగిపోయింది. మిగతావి జిగటగా, పట్టుకుంటే వేళ్ల మధ్య చితికిపోయేలా ఉన్నాయి. నేను కల్తీ అని తిట్టడం మొదలుపెడితే ఆయన ఒక గింజ వాసన చూసి "కల్తీ కాదురా ఇది, ఎక్కడో రేకుల షెడ్డులో ఉడికిపోయింది" అన్నాడు.

తర్వాత ఆయనే తన ఇంట్లో దాచుకున్న పాత రకం గింజలు ఇచ్చాడు. అవి నూటికి తొంభైకి పైగా మొలిచాయి. చేను చూడముచ్చటగా లేచింది. సరిగ్గా పూత మీద ఉండగా మూడు వారాలు వాన మొహం చాటేసింది, కంకులు సగం తాలు పోయాయి. మొలిచిన గింజలో ఆ గుణం లేదు, ఆ గుణం ఉన్న గింజ మొలవలేదు. మా కష్టాన్ని దీనికంటే పొట్టిగా నేను చెప్పలేను.

విన్నపానికి జవాబు రాని నెలల్లో కూర్చుని చదువుకున్నాను కాబట్టి, కొన్ని లెక్కలు మీ ముందు పెడతాను. ఇవి మీ వాళ్లు తీసిన లెక్కలే.

ప్రపంచంలో సుమారు 60 కోట్ల వ్యవసాయ కమతాలుంటే, వాటిలో 84 శాతం రెండు హెక్టార్ల లోపువే. సాగుభూమిలో వాటి వాటా 12 శాతమే అయినా, విలువ లెక్కన లోకానికి తిండిలో మూడో వంతుకు పైగా అక్కణ్ణుంచే వస్తోంది. 2016లో వచ్చిన మరో అధ్యయనం ఆఫ్రికాలోని ఐదు దేశాల్లోనూ హైతీలోనూ చిన్న రైతులు విత్తనం ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటున్నారో చూసింది. 90 శాతం విత్తనం సొంత గాదె నుంచి, చుట్టాలూ ఇరుగుపొరుగు నుంచి, సంత నుంచి వస్తోందని తేలింది. సంత ఒక్కదాని వాటానే సగం. అంటే కంపెనీ సంచీ, ప్రభుత్వ గోదాము, స్వచ్ఛంద సంస్థల పంపిణీ అన్నీ కలిపితే పదో వంతు. మీ చట్టాలు, మీ బడ్జెట్లు, మీ ఫారాలు మాత్రం ఆ పదో వంతు చుట్టూనే తిరుగుతున్నాయి.

సంతలో అమ్మేది విత్తనం కాదు, తిండిగింజ అని మీరంటారు. అనండి. కానీ సంతలో గింజలమ్మే మనిషిని ఒకసారి గమనించండి. ఏ బస్తా ఏ చేనుదో, ఏది కొత్త పంటో, ఏది రెండు రకాలు కలిసిందో ఆమెకు తెలుసు. విత్తడానికి అడిగితే ఒక బస్తాలోంచి ఇస్తుంది, వండుకోవడానికి అడిగితే ఇంకో బస్తాలోంచి ఇస్తుంది. ఆమెకు ఎవరూ శిక్షణ ఇవ్వలేదు, మీ కొత్త వంగడం ఒక్క కిలో కూడా ఆమె చేతికి రాలేదు.

ఈ పరిస్థితి వల్ల మామూలు జనానికి ఏమవుతోందో వరసగా రాస్తాను.

1. వేడి మీ కోసం ఆగట్లేదు. భూగోళం సగటు ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే, ఏ సర్దుబాటూ చేసుకోకపోతే, ప్రపంచ దిగుబడుల్లో మొక్కజొన్న 7.4 శాతం, గోధుమ 6 శాతం, వరి 3.2 శాతం తగ్గుతాయని 2017లో లెక్కగట్టారు. మరోవైపు ఒక కొత్త రకం మొక్కజొన్న తయారై, విడుదలై, రైతు చేలో మొలవడానికి ఒక్కోచోట 30 ఏళ్ల దాకా పడుతోందని 2016లో ఇంకో పరిశోధన చెప్పింది. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఏ వాతావరణంలో పరీక్షించి ఎంపిక చేశారో, గింజ మా చేతికొచ్చేసరికి ఆ వాతావరణమే లేదు. కొత్త బట్టలు కొలతలు తీసుకుని పిల్లాడు పెద్దయ్యాక కుట్టి తెచ్చినట్టుంది వ్యవహారం.

2. పరిశోధన ఫలితం ఎంత మంచిదైనా మధ్యలో ఆగిపోతోంది. ఆఫ్రికాలో 13 దేశాల కోసం 2007లో బెట్టను తట్టుకునే మొక్కజొన్న పథకం మొదలైంది. వందకు పైగా రకాలు విడుదలయ్యాయి, ఇది చిన్న విషయం కాదు. తర్వాత ఎంతమేర వేస్తున్నారో ఆరు దేశాల్లో చూసి 2015లో చెప్పిన లెక్క ప్రకారం, మలావీలో మొక్కజొన్న చేలల్లో 61 శాతం దాకా ఉండేది, జింబాబ్వేలో 9 శాతమే. వేయని రైతుల్ని కారణం అడిగితే ఏం చెప్పారు? విత్తనం దొరకదు, దాని గురించి తెలీదు, చేతిలో డబ్బు లేదు, ధర ఎక్కువ. రకం గుణాలు నచ్చలేదన్నవాళ్లూ ఉన్నారు, కానీ మిగతా కారణాలన్నీ దారిలోవే. దారి బాగాలేదు.

3. పప్పుదినుసులు, వేరుశనగ వేసేవాళ్ల గతి ఇంకా అన్యాయం. ఇక్కడ కాస్త లెక్క ఉంది, ఓపిక పట్టండి. వేరుశనగ విత్తనం బరువు, వేయాల్సింది ఎక్కువ, తిరిగి వచ్చేది సుమారు ఎనిమిది రెట్లు. ఒక టన్ను మూల విత్తనం వేస్తే ఒక పంటకు 8 టన్నులు, రెండో పంటకు 64, మూడో పంటకు 512. మొక్కజొన్న అయితే ఒకటికి వంద లెక్కన రెండు పంటల్లోనే 10,000 టన్నులు. పైగా వేరుశనగా, కంది తప్ప చాలా పప్పులూ తమలో తామే పరాగసంపర్కం జరుపుకుంటాయి, ఒకసారి కొన్న రైతు నాలుగైదేళ్లు సొంత గింజే వేసుకుంటాడు. ఏ వ్యాపారి ఈ బేరానికి వస్తాడు? రాడు, అందులో అతని తప్పూ లేదు. కానీ వ్యాపారి రాని చోటికి మీరైనా రావాలి కదా. మీరూ రాలేదు. అందుకే పేదవాడి పళ్లెంలో మాంసకృత్తులు ఏ పంటల నుంచి వస్తాయో ఆ పంటల్లోనే విత్తనం పాతబడిపోయింది.

4. నాసిరకం అనుభవం ఒక్కటి చాలు, ఆ రకం పేరే చెడిపోతుంది. యుగాండాలో హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనాల్ని కొని పరీక్షిస్తే అసలు విత్తనం సగం కూడా లేనట్టే ఫలితాలున్నాయని 2017లో ఒక పరిశోధన తేల్చింది. ఇంకేముంది, నకిలీ ముఠాలన్నారు. 2020లో మరికొందరు డీఎన్ఏ పరీక్ష చేసి చూస్తే చాలావరకు విత్తనం అసలైనదే, పాడైంది మాత్రం దారిలో, నిల్వలో అని కనిపించింది. మా పెద్దాయన వాసన చూసి చెప్పింది అదే! గింజలో తేమ ఒక్క శాతం తగ్గితే దాని ఆయుష్షు దాదాపు రెట్టింపు, నిల్వచోట వేడి 5 డిగ్రీలు తగ్గినా దాదాపు రెట్టింపు అని విత్తన శాస్త్రంలో మొదట్లోనే చెబుతారు. తిరగేసి చదివితే, ఎండలో లారీ మీద నాలుగు రోజులు, రేకుల షెడ్డులో రెండు నెలలు అంటే ఆ ఆయుష్షు ఎంతగా కరిగిపోతుందో అర్థమవుతుంది. తిట్లు తినేది చివర్లో అమ్మిన చిన్న దుకాణదారు, నష్టపోయేది రైతు. మధ్యలో వాళ్లని అడిగేవాడు లేడు.

5. అప్పు. దీని గురించి ఎక్కువ రాయను, మీకూ తెలుసు. విత్తనం మొలవకపోతే రెండోసారి విత్తడానికి విత్తనమే కాదు, దుక్కి, కూలి, ఎరువు మళ్లీ కావాలి. ఆ డబ్బు ఏ బ్యాంకూ ఆ వారంలో ఇవ్వదు.

6. ధైర్యం పోతోంది. ఇది లెక్కల్లోకి రాని నష్టం, కానీ లెక్క తీసినవాళ్లూ ఉన్నారు. ఒడిశాలో ముంపును తట్టుకునే వరి విత్తనం కొందరు రైతులకిచ్చి చూశారు. పది రోజులు మునిగిన పొలాల్లో ఆ రకం పాత స్వర్ణ కంటే 45 శాతం ఎక్కువ పండింది. పల్లపు పొలాలు ఎక్కువగా ఎస్సీ కుటుంబాల చేతుల్లో ఉండటంతో లాభం కూడా వాళ్లకే ఎక్కువ చేరింది. అంతకంటే ఆసక్తికరమైనది ఇంకోటుంది. పంట మునిగినా పోదన్న నమ్మకం కలిగేసరికి ఆ రైతులు ఎక్కువ ఎరువు వేశారు, ఎక్కువ నేల సాగు చేశారు, సాగు పద్ధతి మెరుగుపరుచుకున్నారు. చిన్న రైతు కొత్తదనానికి భయపడతాడని మీ నివేదికల్లో రాస్తారే, ఆ భయం మా బుర్రలో పుట్టింది కాదు, చేలో పుట్టింది. చేలో భయం తీరిస్తే బుర్రలోదీ తీరుతుంది.

ఆ వరి సంగతి వచ్చింది కాబట్టి ఇంకొక మాట. ముంపును తట్టుకునే ఆ జన్యువు ఎక్కడిది? ఒడిశా రైతులు ముంపు పొలాల్లో వేసుకుంటూ కాపాడుకున్న ఒక నాటు రకం నుంచి వచ్చింది, మీరు దానికి ఎఫ్ఆర్13ఏ అని పేరు పెట్టారు. రెండు వారాల దాకా నీళ్ల కిందున్నా అది బతుకుతుంది. 1996లో ఆ గుణం ఏ క్రోమోజోము మీద ఉందో కనిపెట్టారు, 2006లో జన్యువునే పట్టుకున్నారు, 2009లో ఆ జన్యువు చేర్చిన స్వర్ణ రకం, స్వర్ణ-సబ్1, భారతదేశంలో విడుదలైంది. మీ పని గొప్పదే. కాకపోతే మొదటి గింజ ఇచ్చినవాళ్లు రాయల్టీ అడగలేదు, రసీదు అడగలేదు, ఒప్పందం మీద సంతకం పెట్టించుకోలేదు. మా గింజ మీ దగ్గరికి వచ్చేటప్పుడు దారి అంత తేలిక, మీ గింజ మా దగ్గరికి వచ్చేటప్పుడు మాత్రం అన్ని గేట్లు!

చట్టాల సంగతి కూడా తేల్చుకుందాం. ఆహార, వ్యవసాయ మొక్కల జన్యు వనరుల మీద అంతర్జాతీయ ఒప్పందం 2001లో కుదిరి 2004లో అమల్లోకి వచ్చింది. దాని 9వ అధికరణం రైతుల హక్కుల గురించి చక్కగా మాట్లాడి, అమలు బాధ్యత ఆయా ప్రభుత్వాలదని వదిలేసింది. 2018 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీ రైతుల హక్కుల ప్రకటనను ఆమోదించింది, 121 దేశాలు అవునన్నాయి. దాని 19వ అధికరణంలో విత్తనం దాచుకునే, వాడుకునే, ఇచ్చిపుచ్చుకునే, అమ్ముకునే హక్కు ఉంది. ఇంకోవైపు కొత్త రకాలు తయారుచేసినవాళ్ల హక్కుల్ని కాపాడే యూపీఓవీ అనే అంతర్జాతీయ ఒప్పందం, దాని 1991 రూపం ఉంది. అది రక్షణ ఉన్న రకం గింజను రైతు తన సొంత చేలో మళ్లీ వేసుకోవడాన్ని కూడా "ప్రభుత్వం ఒప్పుకుంటే, హద్దుల్లో" అంటుంది. పక్కింటాయనకు ఇవ్వడానికి ఆ మినహాయింపులో చోటే లేదు. ఒకే దేశం మొదటి రెండింటికీ తలూపి, వాణిజ్య ఒప్పందాల ఒత్తిడితో మూడోదాన్నీ అమలు చేస్తానంటుంది. మేం దేన్ని నమ్మాలి?

తయారుచేసినవాళ్ల హక్కు, రైతు హక్కు రెండూ కలిసి కుదరవని కాదు. భారతదేశం 2001లో చేసిన మొక్కల రకాల, రైతు హక్కుల చట్టం చూడండి. వంగడం తయారుచేసినవాళ్లకి హక్కు ఇస్తూనే, రక్షణ ఉన్న రకం విత్తనాన్ని కూడా రైతు దాచుకోవచ్చు, మళ్లీ వేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు, బ్రాండు పేరు పెట్టి అమ్మకూడదు అంతే అంది. 39వ సెక్షన్. దాని వల్ల విత్తన పరిశ్రమ మూతపడలేదు.

హైబ్రిడ్ల మీద మాకు పగ ఉందనుకోకండి. హైబ్రిడ్ గింజ మళ్లీ వేస్తే తర్వాతి పంటలో ఆ జోరు ఉండదని మాకు తెలుసు. డబ్బుంటే, నమ్మకంగా దొరికితే ఏటా కొంటాం. కానీ నీటి వసతి లేని చేనుకి, వాన ఎప్పుడొస్తుందో తెలియని చోట, ఏటా కొనక్కర్లేని సూటి రకాలు కూడా అందుబాటులో ఉండాలి. ఏది కొనాలో నిర్ణయం మా చేతిలో ఉంచండి.

ఇప్పుడు డిమాండ్లు. బతిమాలడం మూడు విన్నపాలతో అయిపోయింది.

1. లెక్క మార్చండి. ఈ ఏడాది ఎన్ని రకాలు విడుదల చేశాం అన్న అంకెను వార్షిక నివేదికల మొదటి పేజీ నుంచి తీసేయండి. దాని బదులు రైతుల చేలల్లో ఉన్న రకాల సగటు వయసు ఎంత, రెండు హెక్టార్ల లోపు రైతుల్లో కొత్త రకం ఎంతమంది చేతికి చేరింది, ఈ రెండూ ఏటా ప్రకటించండి. దాతలు డబ్బు విడుదల చేసేటప్పుడు ఈ అంకెలే అడగాలి.

2. మూల విత్తనాన్ని పెంచే పనికి విడిగా డబ్బు కేటాయించండి. మీ ప్రయోగశాలకు డబ్బుంది, చివర్లో ప్రచారానికి డబ్బుంది. వంగడం తయారుచేసినవాళ్ల దగ్గర కొద్దిగా ఉండే బ్రీడర్ విత్తనం నుంచి, దాన్ని వేసి పెంచే ఫౌండేషన్ విత్తనం, దాన్నుంచి రైతుకిచ్చే విత్తనం తయారయ్యే మధ్య రెండు మూడు పంటకాలాలకే ఎవరూ పైసా పెట్టరు. ముఖ్యంగా పప్పులు, నూనెగింజలు, చిరుధాన్యాలు, దుంపల విషయంలో. ఫౌండేషన్ విత్తనాన్ని రైతు సంఘాలకు కూడా అమ్మాలి, టన్నుల్లో కాదు, పది ఇరవై కిలోలు అడిగినా ఇవ్వాలి. కేళీలు, అంటే చేలో కలిసిన వేరే రకం మొక్కలు, ఏరడం, పక్క చేనుకి దూరం పాటించడం, ఆరబెట్టడం మాకు నేర్పండి, నేర్చుకుంటాం. నేర్పేటప్పుడు ఆడవాళ్లని పిలవండి. చాలాచోట్ల గింజ ఏరేది, దాచేది వాళ్లే, శిక్షణకు కబురు మాత్రం పట్టా ఎవరి పేరు మీద ఉంటే వాళ్లకి వెళ్తుంది.

3. పూర్తి సర్టిఫికేషనుకీ, ఏమీ లేకపోవడానికీ మధ్య ఒక మెట్టు పెట్టండి. కొత్తగా కనిపెట్టక్కర్లేదు. నాణ్యతను ఉత్పత్తిదారే ప్రకటించి, అధికారులు కొంత భాగాన్ని మాత్రమే తనిఖీ చేసే పద్ధతిని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1993లోనే రాసిపెట్టింది, 2006లో సవరించింది. టాంజానియా లాంటి దేశాలు చట్టంలోనే పెట్టుకున్నాయి. ఒక ఇన్‌స్పెక్టరు ఎన్ని వందల చేలకు తిరగగలడు చెప్పండి. రాలేని తనిఖీ కోసం ఎదురుచూస్తూ గింజ పురుగు పట్టిపోవడం కంటే ఇది నయం.

4. రైతుల మధ్య విత్తనం ఇచ్చిపుచ్చుకోవడం, బ్రాండు పేరు లేకుండా అమ్ముకోవడం నేరం కాదని చట్టంలో స్పష్టంగా రాయండి. "చూసీచూడనట్టు వదిలేస్తున్నాం కదా" అన్న మాట మాకొద్దు. చూసీచూడనట్టు వదిలేసేవాడు రేపు చూడొచ్చు కూడా.

5. సంచీ మీద నిజం రాయించండి. మొలక పరీక్ష ఏ తేదీన చేశారో, తేమ శాతం ఎంతో, గింజ ఏ ఏడాది పంటో కనబడేలా ఉండాలి. కర్మాగారం దగ్గర కాదు, రైతు కొనే చోట సంచులు తీసి పరీక్షించాలి, ఫలితాలు విత్తే కాలానికి ముందే బయటపెట్టాలి, పంట కోశాక కాదు. నాసిరకం అని తేలితే విత్తనం ధర వాపసు ఇచ్చి చేతులు దులుపుకోవడం కుదరదు, మళ్లీ విత్తే ఖర్చు కూడా కట్టించాలి. అలాగే చిన్న పొట్లాలు, వంద గ్రాములు, అరకిలో. కొత్త రకాన్ని ఒక మూల వేసి చూసుకుంటాం, నచ్చితే మేమే పెంచుకుంటాం. చేను మొత్తం పందెం కాయమని అడిగితే మాత్రం ఎవడూ ముందుకు రాడు.

6. ఎంపిక మా చేలల్లో జరగాలి. పరిశోధనా క్షేత్రంలో నీళ్లుంటాయి, ఎరువు వేళకు పడుతుంది, కలుపు తీసేవాళ్లుంటారు. అక్కడ గెలిచిన రకం మా గరువు నేలలో ఏం చేస్తుందో మీకూ తెలీదు. ఒక్కో రైతుకి పేర్లు చెప్పకుండా మూడేసి రకాలిచ్చి, ఏది మేలు, ఏది నాసి అని మాత్రమే అడిగే పద్ధతి ఉంది. నికరాగువా, ఇథియోపియా, భారతదేశాల్లో 12,409 చిన్న మళ్లలో ఇలా చేసిన ఫలితాలు 2019లో వచ్చాయి, ఏ రకం ఏ వాతావరణానికి సరిపోతుందో మామూలు సిఫారసుల కంటే బాగా తెలిసింది. దీన్ని విడుదలకు ముందు తప్పనిసరి చేయండి. దిగుబడి ఒక్కటే కాకుండా గడ్డి పశువు తింటుందా, నూర్చడం తేలికేనా, గింజ గాదెలో ఎన్నాళ్లు నిలుస్తుంది, ఎంత వంటచెరుకు మింగుతుంది, ఇవన్నీ అడగండి. మేం రకాన్ని వదిలేసేది ఎక్కువగా ఇలాంటి వాటికే, మీ నివేదికలో మాత్రం "అవగాహన లోపం" అని పడుతుంది.

7. జన్యు బ్యాంకుల తలుపు మాక్కూడా తీయండి. నార్వేలో మంచుకొండలో స్వాల్‌బార్డ్ భాండాగారం 2008లో తెరిచారు, 2015లో సిరియా యుద్ధం వల్ల అలెప్పోలోని జన్యు బ్యాంకుకి వెళ్లే వీల్లేకపోతే అక్కణ్ణుంచే గింజలు తెప్పించి లెబనాన్, మొరాకోల్లో మళ్లీ పెంచారు. చదివినప్పుడు ఒళ్లు పులకరించింది, అబద్ధం ఎందుకు. సంస్థకి గింజ పోతే అలా తిరిగొచ్చింది. ఒక ప్రాంతం రైతులకు వరదలో తమ నాటు రకం పోతే? పైన చెప్పిన జన్యు వనరుల ఒప్పందం పాఠంలో గింజ ఇచ్చేది పరిశోధనకి, వంగడాల తయారీకి, శిక్షణకి అని రాశారు, చేలో వేసుకోవడానికి అన్న మాట లేదు. మా ప్రాంతం నుంచి తీసుకెళ్లిన రకాల జాబితా మా భాషలో ఇవ్వండి, అడిగితే గుప్పెడు గింజలు తిరిగి ఇచ్చే పద్ధతి పెట్టండి. గుప్పెడు చాలు.

8. విపత్తు వచ్చాక ఉచిత విత్తనం లారీల్లో దింపే ముందు ఒక్కసారి విచారించండి. చాలాసార్లు కరువు తర్వాత కూడా సంతలో గింజ ఉంటుంది, కొనడానికి మా చేతిలో డబ్బే ఉండదు. డబ్బో కూపనో ఇచ్చి, మాకు నచ్చిన రకం మాకు నచ్చిన చోట కొననివ్వండి. ఎక్కడిదో రకం, అదను దాటాక వచ్చి పడితే అది వేయలేం, వండుకు తింటాం. ఆ ఏడాది మా దగ్గర విత్తనం అమ్ముకుని బతికేవాళ్లు కూడా దెబ్బతింటారు.

2024లో ప్రపంచంలో 67 కోట్ల మందికి పైగా ఆకలితో ఉన్నారని ఐక్యరాజ్యసమితి నివేదిక చెప్పింది. అందులో పంట పండించే కుటుంబాలవాళ్లు కూడా ఉన్నారన్నది మరిచిపోకండి. మా దగ్గర విత్తనం పోవడమంటే ఒక పంట పోవడం కాదు, దాచిన గింజ కూడా పోవడం. ఆకలేసిన ఏడాది విత్తనాల కుండ తెరిచి వండుకున్న ఇల్లు, మరుసటి ఏడాది సంతలో ఏది దొరికితే అది వేస్తుంది. అప్పటిదాకా ఏళ్ల తరబడి ఏరుకుంటూ వచ్చిన రకం అక్కడితో ఆగిపోతుంది. ఆ పోయినదాన్ని ఏ సబ్సిడీ తిరిగి తేలేదు.

ఎనిమిది డిమాండ్లు ఒకేసారి తీర్చమని కాదు. 4, 5 డిమాండ్లకు కొత్త పరిశోధన అక్కర్లేదు, కాగితం మీద సంతకం చాలు. వాటితో మొదలుపెట్టండి. మిగతా వాటికి ఏ తేదీలోపు ఏం చేస్తారో, చేయలేకపోతే ఎందుకు చేయలేరో రాతపూర్వకంగా చెప్పండి. "పరిశీలనలో ఉంది" అన్న జవాబుని జవాబుగా లెక్కపెట్టం.

వచ్చే విత్తే కాలానికి ఇంకా నాలుగు నెలలుంది. ఈసారి గుడ్డలో గింజలు కట్టి చూసే పని మేం పదిమందిమీ కలిసి చేస్తాం, ఏ సంచీలో ఎన్ని మొలిచాయో ఫోటోలతో సహా మీకు పంపుతాం. మా చిరునామా మూడు విన్నపాల మీదా ఉంది. ఫారం పంపదలుచుకుంటే పంపండి, నింపుతాం. ఆ గడి మాత్రం చేర్చి పంపండి.

ఇట్లు,
సొంత గింజ దాచుకునే ఓ చిన్న రైతు